మెల్లగా మాట్లాడండి... లోపల బారుంది!

బారు అనే మాట వినగానే మనలో చాలామందికి ఏం గుర్తొస్తుంది? సగం దించిన షట్టరు, మసక లైటు, బయట అడ్డదిడ్డంగా నిలబెట్టిన స్కూటర్లు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నాలుగడుగులు ఎక్కువైనా సరే, పక్క వీధిలోంచి పోతాం. అలాంటిది, ఎవరికీ కనబడకుండా దాచిపెట్టిన బారుని వెతుక్కుంటూ, ముందుగా సీటు రిజర్వు చేయించుకుని మరీ వెళ్ళడమంటే చోద్యంగా లేదూ? న్యూయార్క్ నగరంలో ఇప్పుడదో సరదా. ఆడా మగా అందరూ వెళ్తారు.

కిందటేడు న్యూజెర్సీలో మా చెల్లెలి దగ్గర రెండు నెలలున్నాను. విగ్రహాలూ, వంతెనలూ, ఎత్తయిన మేడలూ చూడ్డం అయిపోయాక, "అక్కా! నువ్వు కథలు రాస్తావుగా, కథలున్న చోట్లు చూపిస్తా పద" అని బయల్దేరదీసింది.

టెలిఫోన్ డబ్బాలోంచి దారి

సెయింట్ మార్క్స్ ప్లేస్ అని ఓ వీధి. అందులో హాట్ డాగ్‌లమ్మే చిన్న కొట్టు. మెట్లు దిగి లోపలికి వెళ్తే ఓ పక్కన పాతకాలం నాటి చెక్క టెలిఫోన్ బూత్. మా చెల్లెలు అందులో దూరి ఫోనెత్తింది. కాసేపటికి బూత్ వెనక గోడ తలుపులా తెరుచుకుంది! ఓ అమ్మాయి నవ్వుతూ లోపలికి రమ్మంది. ఈ బారుని 2007లో తెరిచారట. పేరు 'ప్లీజ్ డోంట్ టెల్'. దయచేసి ఎవరికీ చెప్పొద్దని అర్థం. చెప్పొద్దన్నాక చెప్పకుండా ఎవరుంటారు? ఊరు ఊరంతా చెప్పుకున్నారు. 

చిన్న గది, తక్కువ ఎత్తు కప్పు, గుడ్డి వెలుతురు. మేమిద్దరం మందు కలపని పానీయాలే తెప్పించుకున్నాం. ఆ ఖరీదుని రూపాయల్లోకి మార్చి చూడొద్దని మా చెల్లెలు ముందే నా దగ్గర మాట తీసుకుంది. పక్క టేబుల్ దగ్గర నలుగురు ఆడవాళ్ళు, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళవైపు తిరిగి చూసినవాళ్ళే లేరు. నేను తప్ప!

ఈ దాపరికం ఎందుకొచ్చింది?

ఇప్పుడిది ఆట. ఒకప్పుడు నిజంగానే దాక్కోవలసిన అవసరం. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు వరకు అమెరికా అంతటా మద్యనిషేధం. తయారీ, అమ్మకం, రవాణా అన్నీ నేరమే. అయినా తాగేవాళ్ళు మానలేదు. గోడల వెనకా, నేలమాళిగల్లోనూ దొంగబార్లు వెలిశాయి. వాటినే 'స్పీకీజీ'లన్నారు. మెల్లగా మాట్లాడమని అర్థం. గట్టిగా మాట్లాడితే పోలీసుల చెవిన పడుతుంది కదా!

వాళ్ళ తెలివితేటలు వింటే ముక్కుమీద వేలేసుకోవాల్సిందే. న్యూయార్క్‌లో '21 క్లబ్' అని పేరుమోసిన హోటలుండేది. దాని నేలమాళిగలో మామూలు ఇటుక గోడలా కనిపించే తలుపు, బరువు రెండు టన్నులకు పైనే. ఇటుకల మధ్య ఒక సందులో సన్నటి ఇనుప తీగ దూరిస్తే తప్ప తెరుచుకోదు. ఆ గది ఉన్నది పక్కింటి కింద. 'మా ఇంట్లో మందు చుక్క లేదు' అని పోలీసులకు చెబితే అబద్ధం కూడా కాదన్నమాట! 2020లో ఆ హోటలు మూతబడింది.

నాకు చూడాలనిపించి చూడలేకపోయిన చోటు ఇంకోటుంది. బెడ్‌ఫర్డ్ వీధిలో 86వ నెంబరు ఇల్లు, 'చమ్లీస్'. 1922లో మొదలైంది. నిషేధం పోయినా బోర్డు పెట్టుకోలేదు. అక్కడికొచ్చే రచయితల పుస్తకాల అట్టల్ని గోడలకు తగిలించేవారట. అదీ 2020లోనే మూతపడింది.

అయితే దొంగబార్లన్నీ ఇంత అందంగా లేవు. పేదవాడికి దొరికింది కల్తీసరుకే. పరిశ్రమలకు వాడే స్పిరిట్‌ని ఎవరూ తాగకుండా ప్రభుత్వమే అందులో మిథైల్ ఆల్కహాలు వంటి విషాలు కలపాలని రూలు పెట్టింది. దొంగసారా వాళ్ళు దాన్నే శుద్ధి చేశామని చెప్పి అమ్మారు. అది తాగి కళ్ళు పోయినవాళ్ళూ, ప్రాణాలు పోయినవాళ్ళూ ఎందరో. చెడ్డ సారా రుచి తెలియకుండా పళ్ళరసాలూ, తేనె కలపడం అప్పుడు బాగా పెరిగింది. ఇప్పుడు మనం ఫ్యాషనుగా చూస్తున్న కొన్ని కాక్‌టెయిళ్ళ వెనక ఇంత కథ ఉంది.

మూయించిందీ మనమే, తెరిపించిందీ మనమే

ఇక్కడే నాకు ఆశ్చర్యమేసింది. ఈ నిషేధం వెనకున్నది ఆడవాళ్ళు. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే చిన్న ఊళ్ళో ఇల్లాళ్ళు గుంపుగా సారా దుకాణాలకు వెళ్ళి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థనలు చేశారు. అమ్మకం మానమని వేడుకున్నారు. మరుసటి ఏడు మహిళల మద్యనిషేధ సంఘమే పుట్టింది. దేశమంతటా ఓటు హక్కు కూడా లేని రోజులవి.

మనకిది కొత్త కథేం కాదు కదా! నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించలేదూ? రోశమ్మగారి పేరు అప్పట్లో తెలియనివాళ్ళు లేరు. ఆ ఉద్యమం వల్లే 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు, ఖజానాకి గండి. 1997లో నిషేధం సడలించారు.

మరి అమెరికాలో నిషేధం ఎత్తేయమన్నది ఎవరనుకుంటున్నారు? అక్కడా ఆడవాళ్ళే! పౌలిన్ సేబిన్ అనే సంపన్నురాలు మొదట్లో తన ఇద్దరు కొడుకులకీ మంచిదని నిషేధాన్ని సమర్థించింది. పదేళ్ళు గడిచేసరికి, చట్టమంటే గౌరవం లేని పిల్లలు తయారవుతున్నారని ఎదురు తిరిగింది. 1929లో ఆమె పెట్టిన సంఘం నాలుగేళ్ళలో పది లక్షలకు పైగా సభ్యులున్నారని చెప్పుకుంది.

ఆ రాత్రి ఇదంతా ఫోనులో చెబితే మా అమ్మ, "ఏందే, తాగే చోటు చూడ్డానికి రైలెక్కి పోయినారా ఇద్దరూ?" అని మొదలుపెట్టింది. మా అమ్మమ్మగారి ఊరు కావలి దగ్గర. "ఆ రెండేళ్ళూ మనింట్లో గిన్నెలు తోమే ఆవిడ కూలిడబ్బు కొంగున కట్టుకుని ఇంటికి పోయేది. అంతకుముందు వీధి మలుపులోనే మొగుడు లాక్కునేవాడు. మీ సేబినమ్మకేం తెలుసు?" అంది.

"దొంగసారా తాగి చచ్చినవాళ్ళ పెళ్ళాల సంగతేంటమ్మా?" అని మా చెల్లెలు. ఇద్దరి మధ్యా నేను.

నాకిద్దరి మాటా నిజమే అనిపించింది. తాగుడు ఖర్చు ఎవరింట్లో ఎవరు భరిస్తున్నారన్నదే తేడా. సేబిన్ గారి వంటింట్లో మగవాడి తాగుడు వల్ల పొయ్యి ఆరిపోదు. మా అమ్మ చెప్పిన ఆవిడ ఇంట్లో ఆరిపోతుంది. ఒకే చట్టం ఒక గడపలో దీపం పెడుతుంది, ఇంకో గడపలో దొంగదారి తెరుస్తుంది. చట్టం చేసేవాళ్ళు ఈ రెండు గడపలూ తొక్కి చూడాలి కదా?

గుమ్మం దాటడానికి ఓ కోర్టు కేసు

దొంగబార్ల వల్ల జరిగిన ఓ విచిత్రం చెప్పనా? అంతకుముందు సెలూన్లనే తాగుడు దుకాణాల్లోకి మర్యాదస్తురాలు అడుగు పెట్టకూడదు. దొంగబార్లకు ఆ మర్యాదలేవీ లేవు. ఎలాగూ అందరూ చట్టాన్ని అతిక్రమిస్తున్నవాళ్ళే! ఆడా మగా పక్కపక్కన కూర్చోవడం అక్కడ మామూలైపోయింది.

అయినా అన్ని తలుపులూ తెరుచుకోలేదు. మేం వెళ్ళిన ఫోన్ డబ్బా బారుకి నడిచి వెళ్ళేంత దూరంలోనే, ఏడో వీధిలో 'మెక్‌సోర్లీస్' అనే పాత బీరు దుకాణముంది. ఆడవాళ్ళకు అక్కడ ప్రవేశం లేదు. కోర్టుకెక్కితే 1970లో తలుపు తీశారు. మరి ఆడవాళ్ళకు ప్రత్యేకంగా బాత్‌రూం ఎప్పుడు కట్టారో తెలుసా? ఇంకో పదహారేళ్ళకి! రమ్మనడం వేరు, వచ్చినవాళ్ళకు వసతి చూడ్డం వేరు. ఏ ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ళనడిగినా ఈ తేడా చెబుతారు.

ఈ దాగుడుమూతల బార్ల ఫ్యాషన్‌ని మళ్ళీ మొదలుపెట్టింది 'మిల్క్ అండ్ హనీ' అంటారు. 1999 చివర్లో తెరిచారు, ఇప్పుడు లేదు. అక్కడ గోడ మీద నియమాలు రాసిపెట్టారట. మగవాళ్ళు తమంతట తాము ఆడవాళ్ళను పలకరించకూడదు. ఎవరైనా పలకరిస్తే గడ్డం కాస్త పైకెత్తి ఊరుకోవాలి. ఈ నియమమేదో మన బస్టాండుల్లోనూ, సిటీ బస్సుల్లోనూ రాసిపెడితే ఎంత బాగుండును!

పిల్లులతో ఓ గంట

చివరగా చెల్లెలు తీసుకెళ్ళింది 'మియావ్ పార్లర్'కి. న్యూయార్క్‌లో మొట్టమొదటి పిల్లుల కెఫే, 2014 డిసెంబరులో తెరిచారు. ఇలాంటి కెఫేలకు పుట్టిల్లు తైవాన్, 1998లో తైపీలో మొదలైందట. ఇక్కడ కాఫీకి కాదు, పిల్లులతో గడిపిన సమయానికి డబ్బు కట్టాలి. ఆ పిల్లులన్నీ దిక్కులేనివి. నచ్చితే ఇంటికి తీసుకెళ్ళి పెంచుకోవచ్చు.

నన్ను పిల్లుల కన్నా ఎక్కువ ఆకట్టుకున్నది ఓ మూల కూర్చున్న పెద్దావిడ. డెబ్బై ఏళ్ళుంటాయి. ఒళ్ళో పిల్లి, చేతిలో పుస్తకం. ఒంటరిగా వచ్చింది. ఎవరి కోసమూ ఎదురుచూడ్డం లేదు. ఎవరూ ఆవిణ్ణి 'ఎవరొస్తారమ్మా?' అని అడగలేదు.

మన హైదరాబాదు, విజయవాడల్లో ఇప్పుడు కాఫీ షాపులకు కొదవ లేదు. కానీ మా ఊళ్ళాంటి చిన్న ఊళ్ళల్లో? టీ కొట్టు బెంచీ మగవాళ్ళదే. హోటల్లో మనకు 'ఫ్యామిలీ' అని రాసిన గది, అదీ పక్కన కుటుంబముంటేనే. ఇల్లు, గుడి, బడి కాక, మనకంటూ ఓ అరగంట కూర్చునే చోటు ఎక్కడుంది? ఫోన్ డబ్బాలూ, రహస్య తలుపులూ మనకక్కర్లేదు. ముందు గుమ్మంలోంచే వెళ్ళి, వెలుతురున్న బల్ల దగ్గర కూర్చుని, మనడబ్బుతో ఓ కప్పు టీ తాగగలిగితే చాలు.

ఈ శనివారం స్నేహితురాలినొకర్ని వెంటబెట్టుకుని మీ ఊరి హోటల్‌కి వెళ్ళి చూడండి. ఫ్యామిలీ గదిలో కాదు, ముందు హాల్లోనే కూర్చోండి. సర్వరు ఓసారి ఎగాదిగా చూస్తాడు. నాలుగోసారికి 'మీ టీలో చక్కెర తక్కువేగా అమ్మా?' అని తనే అడుగుతాడు!