మీకు తెలుసా? బోరింగు నీళ్లను పీల్చదు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్లలో ఎవర్నడిగినా అది బోరింగే. చేతిపంపు అన్న మాట ఎక్కువగా కాగితాల్లోనే కనిపిస్తుంది. పిడి పట్టి కొడుతుంటే అది నీళ్లను కిందినుంచి పీల్చుకొస్తోందనుకుంటాం. నిజానికి అది పీల్చదు, మోస్తుంది.

పీల్చే పంపులు వేరు. కోస్తా డెల్టాలో పెరట్లో పొట్టిగా కనబడేవి అవి. వాటి సిలిండరు నేల మీదే ఉంటుంది. పిడి కొట్టగానే గొట్టంలో గాలి పలచబడుతుంది, బయటి గాలి బరువు కింది నీళ్లను నొక్కి పైకి తోస్తుంది. ఆ తోపుకు ఒక హద్దుంది: సముద్రమట్టం దగ్గర 10.3 మీటర్లు, మనదిలాంటి పీఠభూమి మీద ఇంకాస్త తక్కువ. ఈ హద్దుకు కారణం గాలి బరువేనని ఇటలీలో టారిసెల్లి 1640లలో పాదరసం గొట్టంతో చూపించాడు. వాడకంలోనైతే 7 మీటర్లు దాటితే ఆ పంపును నమ్ముకోలేం. లోపలి వాషరు ఎండితే చెంబెడు నీళ్లు పోసి కొడితే గాని పట్టు రాదు.

మన దగ్గర కింద ఉన్నది రాయి. కామారెడ్డి జిల్లాలో చాలా భాగం గ్రానైటు, నైసు. పడమట మద్నూరు, జుక్కల్ వైపు పోతే నల్లరేగడి కింద దక్కన్ బసాల్టు. నీళ్లుండేది ఆ రాతి నెర్రెల్లో. వానాకాలంలో చేదబావిలో పైకి కనబడ్డ నీళ్లే ఎండాకాలం వచ్చేసరికి ఎంతో కిందికి దిగిపోతాయి. అందుకే బోరింగులో సిలిండరునే నీళ్లలోకి దింపారు. అందులోని పిస్టనును పైనుంచి రాడ్లు లాగుతాయి, అది తన మీది నీళ్లను ఎత్తుతుంది. చెంబుతో నీళ్లు పోసే పని లేనిది ఇందుకే.

30 మీటర్ల లోతున్న బోరింగు సంగతి చూడండి. పిస్టను అడ్డకొలత 63 మిల్లీమీటర్ల పైచిలుకు. దాని మీద పడే నీళ్ల భారం సుమారు 95 కిలోలు, రాడ్ల బరువు అదనం. అయినా పదేళ్ల పిల్ల కొట్టగలుగుతుంది. పిడి ఎనిమిదింతల మీట కాబట్టి, ఆ 95 కిలోలు చేతికి 12 కిలోల్లా తగులుతాయి. దెబ్బకు దాదాపు 400 మిల్లీలీటర్లు వస్తాయి. పదిహేను లీటర్ల బిందె నిండాలంటే 40 దెబ్బలు. రోజుకు పది బిందెలు మోసే ఇంటి ఆడవాళ్ల భుజాలకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

పైన తలలో పిడిని రాడ్డుతో కలిపేది ఒక గొలుసు. గొలుసు లాగగలదు, నెట్టలేదు. రాడ్లు తమ బరువుతోనే కిందికి దిగాలి. నీళ్లు మరీ పైన ఉన్న బావిలో రాడ్లు పొట్టివి, తేలికవి. అవి సరిగా దిగక గొలుసు సడలి, ప్రతి దెబ్బకూ కుదుపు వస్తుంది. లోతు బావికి ఇంత గట్టి పంపు, లోతు లేని బావిలో చతికిలబడుతుంది. అక్కడ గొలుసు బదులు గట్టి కడ్డీ పెట్టాలి, లేదా బంగ్లాదేశ్ 'తారా' పంపులా మీట లేకుండా నేరుగా చేత్తో పైకీ కిందికీ లాగేది కావాలి.

ఈ బోరింగు పేరు 'ఇండియా మార్క్-2'. దానికి ముందు, ఒక ఇంటి కోసం పోసిన పోత ఇనుప పంపులను ఊరంతటికీ బిగించడంతో అవి విరిగిపోయేవి. 1974 నాటి యునిసెఫ్ పరిశీలనలో దాదాపు నాలుగింట మూడు పనిచేయడం లేదని తేలింది. షోలాపూర్‌లో పుట్టిన ఉక్కు పంపును ఆధారంగా చేసుకుని, మద్రాసులో రిచర్డ్‌సన్ అండ్ క్రుడ్డాస్ కొత్త నమూనా తయారుచేసింది. కోయంబత్తూరు వైపు బావుల మీద దాన్ని పరీక్షించారు. ఉగాండాలో ఇదే 'యు2' అయింది. మన ఊరి గద్దె మీది పంపు ఆఫ్రికాలో దాహం తీరుస్తోందంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

నల్లాలు వచ్చాక ఎన్నో బోరింగులు మూలపడ్డాయి. నీళ్లు ఇంకాయని అనుకుని వదిలేస్తారు గాని, చాలాసార్లు పోయేది పిస్టను వాషరే. మార్క్-2లో దాన్ని మార్చాలంటే మూడేసి మీటర్ల పైపులు ఒక్కొక్కటే పైకి లాగాలి. 30 మీటర్లకు పది పైపులు! తరువాత వచ్చిన మార్క్-3లో పైపు వెడల్పు పెంచారు. పైపు అలాగే ఉంచి, రాడ్లతో పాటు పిస్టనును బయటికి తీయొచ్చు.

మీ వాడలోని బోరింగును పొద్దున్నే, ఎవరూ ముట్టకముందు కొట్టి చూడండి. రెండో మూడో దెబ్బకే నీళ్లు దూకితే పైపులో నీళ్లు రాత్రంతా నిలిచాయన్నమాట, సిలిండరు అడుగున నీళ్లను ఆపే వాల్వు గట్టిగా ఉంది. ఇరవై దెబ్బలు కొట్టాక వస్తే వాల్వో పైపు జాయింటో కారుతోంది. పిడి ఊరికే తేలిగ్గా ఊగుతూ చుక్క రాకపోతే రాడ్డు ఊడి ఉండవచ్చు, లేదా నీళ్లు సిలిండరు కిందికి దిగి ఉండవచ్చు.