వోల్టేజీ తగ్గించి వేగం పెంచారు

ఐబీఎం సంస్థ 1984లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ ఏటీలో ఇంటెల్ 80286 ప్రాసెసర్ ఉండేది. దాని వేగం 6 మెగాహెర్ట్జ్. ఆ వేగాన్ని నిర్ణయించేది మదర్‌బోర్డు మీది 12 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ స్ఫటికం. కొన్నవాళ్లలో చేయి తిరిగినవాళ్లు ఆ స్ఫటికాన్ని తీసేసి 16 మెగాహెర్ట్జ్‌ది పెట్టారు. ప్రాసెసర్ 8 మెగాహెర్ట్జ్‌తో నడిచింది. ఐబీఎం ఊరుకోలేదు. 1985 నవంబరు నాటి బయాస్‌లో, అంటే యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాంలో, గడియారం వేగాన్ని కొలిచే పరీక్ష చేర్చింది. వేగం హద్దు దాటిందా, యంత్రం మొదలవ్వనే అవ్వదు.

కొన్నవాడు ముందుకు నెట్టడం, చేసినవాడు కంచె వేయడం. చిప్‌ను కంపెనీ రాసిన వేగం కంటే ఎక్కువగా నడిపే ఓవర్‌క్లాకింగ్ కథ అప్పటినుంచీ ఇదే బాణీ.

నెట్టడానికి చోటు ఎక్కడినుంచి వచ్చింది? ఒకే సిలికాన్ పలకలోంచి కోసిన రెండు చిప్‌లు అచ్చంగా ఒకేలా ఉండవు. కంపెనీ మాత్రం వాటన్నిటికీ ఒకే వేగం రాసి అమ్మాలి. అందుకని బలహీనమైన చిప్ కూడా ఎండాకాలంలో, దుమ్ము పట్టిన డబ్బాలో సైతం తట్టుకునే వేగాన్నే ఎంచుకుంటుంది. మిగతా చిప్‌లలో కొంత సత్తా వాడకుండా మిగిలిపోతుంది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ దీనికి పేరుమోసిన ఉదాహరణ. బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450తో పరుగెత్తేది.

మరుసటి ఏడాది, 1999లో, ఎన్‌విడియా జీఫోర్స్ 256ను తెచ్చింది. దాని గడియారం 120 మెగాహెర్ట్జ్. 2000 నవంబరులో జీఫోర్స్2 గో పేరుతో ఆ కుటుంబం లాప్‌టాప్‌లోకి అడుగుపెట్టింది. గ్రాఫిక్స్ చిప్‌ల వేగం మార్చడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది. రష్యన్ ప్రోగ్రామర్ అలెక్సీ నికొలాయ్‌చుక్ రాసిన రివాట్యూనర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక మీటను పక్కకు జరిపితే చాలు. నేడు ఎక్కువమంది వాడే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ కూడా ఆ రివాట్యూనర్ పునాది మీద కట్టిందే.

మీట జరపడం తేలికే. జరిపాక చిప్ లోపల ఏమవుతుందన్నదే అసలు సంగతి. రెండు గిగాహెర్ట్జ్ గడియారమంటే రెండు టిక్కుల మధ్య అర నానోసెకను. ఆ వ్యవధిలో విద్యుత్ సంకేతం వరసగా ఉన్న ట్రాన్సిస్టర్లన్నీ దాటి, గమ్యం చేరి, కుదురుకోవాలి. ఆలస్యమైతే చిప్ తప్పుడు విలువను అందుకుంటుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా స్పందిస్తాయి, సంకేతం వేళకు చేరుతుంది. అయితే చిప్ తాగే కరెంటు వేగానికి అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. వేగం పది శాతం పెంచితే వాడకం పది శాతమే పెరుగుతుంది. దానికోసం వోల్టేజీని కూడా పది శాతం పెంచాల్సి వస్తే మొత్తం పెరుగుదల 33 శాతం. తాగిన ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి.

డెస్క్‌టాప్‌లో దానికి చోటుంది. లాప్‌టాప్‌లో ఆ వేడిని రెండు మూడు సెంటీమీటర్ల మందంలోంచే పంపాలి. ఆ పని చేసేది హీట్ పైప్. దీని మూలసూత్రానికి జనరల్ మోటార్స్ ఇంజినీరు రిచర్డ్ గాగ్లర్ 1940లలోనే పేటెంటు పొందాడు. కానీ పట్టించుకున్నవాళ్లు లేరు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ స్వతంత్రంగా మళ్లీ కనిపెట్టాడు. అంతరిక్ష నౌకల్లో వేడిని తరలించడం అతని ఉద్దేశం. అదే గొట్టం కొన్ని దశాబ్దాలకు మన ఒళ్లోకి వచ్చి చేరింది.

లాప్‌టాప్ హీట్ పైప్ నిజానికి మూసేసిన రాగి గొట్టం. లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికించిన స్పంజిలాంటి పొర, అందులో కొద్దిపాటి నీళ్లు. గాలి తీసేయడంతో ఆ నీళ్లు వంద డిగ్రీలకు చాలా ముందే మరుగుతాయి. చిప్ మీది కొసన ఆవిరై, ఫ్యాన్ దగ్గరి చల్లని కొసకు పోయి, ఉడుకుతున్న అన్నం గిన్నె మూతకు పట్టిన ఆవిరిలా బొట్లుగా మారి, స్పంజి పొర గుండా వెనక్కి వస్తాయి. మోటారు లేదు, చప్పుడు లేదు. చాలా లాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఇవే గొట్టాలను పంచుకుంటాయి. దాంతో ఒకటి వేడెక్కితే రెండోదానికీ సెగ తగులుతుంది.

ఆ సెగను తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో 2008లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది జూలైలో ఎన్‌విడియా ఓ ప్రకటన చేసింది. లాప్‌టాప్‌లలో వాడిన తన పాత తరం చిప్‌లు కొన్ని అసాధారణ స్థాయిలో పాడవుతున్నాయని, వాటి మరమ్మతులకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని చెప్పింది. లోపం సిలికాన్‌లో లేదు. చిప్‌ను కింది పలకకు కలిపే సన్నని టంకపు చుక్కల దగ్గర ఉంది. లాప్‌టాప్ రోజుకు ఎన్నోసార్లు వేడెక్కి చల్లారుతుంది. చిప్, పలక వేర్వేరు మోతాదుల్లో సాగుతాయి. ఆ లాగుడుకు చుక్కలు చిట్లి, తెర మీద గీతలు వచ్చి, చివరికి బొమ్మే మాయమయ్యేది. డెల్, హెచ్‌పీ ఫ్యాన్ ముందుగానే తిరిగేలా బయాస్ అప్‌డేట్లు ఇచ్చాయి. ఆపిల్ తన మ్యాక్‌బుక్ ప్రోలలో చెడిన జీఫోర్స్ 8600ఎం జీటీలకు ఉచితంగా మరమ్మతు చేసింది. అత్యధిక ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, అది ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందన్నదీ లెక్కలోకి వచ్చింది.

ఆ తర్వాత చేసినవాడే నెట్టేవాడి పని తీసుకున్నాడు. 2012లో జీటీఎక్స్ 680తో వచ్చిన జీపీయూ బూస్ట్, చిప్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని వాట్లు తాగుతోంది అని కనిపెడుతూ, వీలున్నంత మేర వేగాన్ని తనంతట తానే పెంచింది. లాప్‌టాప్‌లలో కంచె ఇంకా ఉండేది. జీటీఎక్స్ 900ఎం తరంలో మామూలుగా 135 మెగాహెర్ట్జ్‌కు మించి పెంచనిచ్చేవారు కాదు. 2015 ఫిబ్రవరిలో ఆ కాస్త వెసులుబాటూ పోయింది. కొత్త డ్రైవర్ వేసుకున్నవాళ్లకు ఓవర్‌క్లాకింగ్ మొత్తంగా పనిచేయలేదు. లాప్‌టాప్‌లు ఇందుకు తయారైనవి కావని ఎన్‌విడియా వాదించింది. కొన్నవాళ్లు గట్టిగా గొడవ చేశారు. నెల తిరక్కముందే కంపెనీ వెనక్కి తగ్గి, తర్వాతి డ్రైవర్‌లో మళ్లీ ఇస్తామంది.

2016లో పాస్కల్ తరం చిప్‌లతో అసలు మలుపు వచ్చింది. ఒక్క మీటకు బదులు, ఏ వోల్టేజీ దగ్గర ఎంత వేగమో చూపే గ్రాఫులో ఒక్కో బిందువునూ విడివిడిగా కదిపే వీలు దొరికింది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే ఆ గ్రాఫు తెరుచుకుంటుంది. అడ్డంగా మిల్లీవోల్టులు, నిలువుగా మెగాహెర్ట్జ్‌లు. ఒక చిప్ 1700 మెగాహెర్ట్జ్‌కు 1000 మిల్లీవోల్టులు తీసుకుంటోందనుకుందాం. 850 దగ్గరున్న బిందువును 1700కు ఎత్తి, దాని కుడివైపు గీతను చదును చేస్తారు. వేగం అంతే, వోల్టేజీ 15 శాతం తక్కువ. వర్గం లెక్కన 100 వాట్లు తాగేచోట 72 సరిపోతాయి. దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు కానీ, 850 మిల్లీవోల్టుల దగ్గర కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ వేగం అడుగుతున్నారు గనుక ఇది ఓవర్‌క్లాకింగే. వాట్ల హద్దుకో, చాలా మోడళ్లలో 87 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే వేడి హద్దుకో తగిలి తగ్గిపోతున్న చిప్‌కు ఇప్పుడు ఊపిరాడుతుంది, ఆటలో సగటు వేగం పెరుగుతుంది.

హద్దు సిలికాన్‌ది కాదు, డబ్బాది అనడానికి ఇంకో రుజువు ఉంది. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4080లోనూ, లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లోనూ ఉన్నది ఏడీ103 అనే ఒకే చిప్. కోర్లు రెండింటిలోనూ 9728. మొదటిదానికి 320 వాట్లు ఇచ్చారు, బూస్ట్ వేగం 2505 మెగాహెర్ట్జ్. రెండోది లాప్‌టాప్ మోడల్‌ను బట్టి 80 నుంచి 150 వాట్ల మీద బతకాలి, దాని బూస్ట్ వేగం 1455 నుంచి 2040 వరకే.

వోల్టేజీ మరీ తగ్గిస్తే చిప్ వెంటనే చెప్పేస్తుంది. తెర మీద రంగు చుక్కలు మెరుస్తాయి, గోడల ఆకారాలు ముళ్లలా సాగుతాయి, బొమ్మ గడ్డకడుతుంది. విండోస్ 2 సెకన్లు ఎదురుచూసి, జవాబు రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్కసారి నల్లబడి, ఆట మూసుకుపోయి, డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. మెమరీ ఇంత నిజాయితీగా బయటపడదు. గ్రాఫిక్స్ మెమరీలో జీడీడీఆర్5 తరం నుంచి, తప్పుగా చేరిన సమాచారాన్ని పట్టుకుని మళ్లీ పంపించుకునే ఏర్పాటు ఉంది. దాంతో మెమరీ వేగం అతిగా పెంచితే బొమ్మ చెడకుండానే ఫ్రేముల సంఖ్య పడిపోవచ్చు. అంకె పెరిగింది కదా అని మురిసిపోకుండా ప్రతి అడుగుకూ స్కోరు చూసుకోవాల్సింది ఇందుకే.

పరీక్షల్లోనూ ఓ మెలిక ఉంది. ఫర్‌మార్క్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్ చిప్‌ను అన్నిటికంటే ఎక్కువ వేడెక్కిస్తుంది గనుక అదే కఠిన పరీక్ష అనిపిస్తుంది. నిజానికి ఆ బరువుకు చిప్ వాట్ల హద్దును తాకి, వేగాన్ని బాగా తగ్గించుకుంటుంది. గ్రాఫులో పైనున్న బిందువులకు పరీక్షే జరగదు. అక్కడ గంటసేపు నిలిచిన సెట్టింగు, తేలికపాటి ఆటలో చిప్ పూర్తి వేగం అందుకోగానే హ్యాంగ్ కావచ్చు. 3డీమార్క్ ఒత్తిడి పరీక్ష ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పి, ఫ్రేము వేగం 97 శాతం నిలకడగా ఉంటేనే పాసు చేస్తుంది. దానితోపాటు మామూలుగా ఆడే రెండు మూడు ఆటలనూ గంటల తరబడి నడిపి చూడటం అనుభవజ్ఞుల పద్ధతి.

చిప్‌కూ రాగికీ మధ్య పూసే పేస్ట్ సంగతీ అంతే ముఖ్యం. మామూలు పేస్ట్ కంటే గాలియం మిశ్రమ లోహం వేడిని చాలా బాగా దాటిస్తుంది, ఏసుస్ తన గేమింగ్ లాప్‌టాప్‌లు కొన్నింటిలో ఫ్యాక్టరీలోనే దాన్ని వాడుతోంది. అయితే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కరెంటును పారనిస్తుంది. బోర్డు మీద ఒక్క చుక్క జారినా లాప్‌టాప్ పోయినట్టే. ఇంట్లో చేసుకునేవాళ్లకు పేస్ట్ మార్చి, ఫ్యాన్ దగ్గరి రేకుల (ఫిన్‌ల) మధ్య పేరుకున్న దుమ్ము దులపడమే క్షేమం.

ఇక గది సంగతి. హీట్ పైప్ ఎంత గొప్పదైనా చిప్‌ను గది గాలికంటే చల్లగా ఉంచలేదు. గదిలో ఎంత పెరిగితే చిప్ మీదా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరు రాత్రి 22 డిగ్రీల గదిలో 70 దగ్గర నిలకడగా నడిచిన గ్రాఫు, మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 86 చూపిస్తుంది. వేడెక్కిన సిలికాన్‌లో సంకేతాలు నెమ్మదిస్తాయి, కరెంటు ఊరకే కారిపోవడం పెరుగుతుంది. చలికాలంలో అంచుదాకా లాగిన 1700 అప్పుడు నిలవకపోవచ్చు. ఆర్‌టీఎక్స్ 4090 తరం చిప్‌లలో వేగం 15 మెగాహెర్ట్జ్ మెట్లుగా మారుతుంది. రెండు మెట్లు దించి 1670 దగ్గర పెట్టి, ఎండలు ముదిరాక మరోసారి పరీక్ష నడిపితే సరిపోతుంది.