మీకు తెలుసా? సిటీ నడుమ ఓ చిన్న ఊరుంది, పేరు తార్నాక

తార్నాక వాళ్లను ఏదైనా పని మీద కోఠీకి రమ్మని పిలిచి చూడండి. ‘ఇప్పుడు సిటీకి రావాలా?’ అంటారు. వాళ్లుండేదీ హైదరాబాదులోనే, అయినా నోటికి ఆ మాటే వస్తుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక చిన్న ఊరికి ఏమేం కావాలో అవన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి మరి. లాలాపేటలో విజయ డెయిరీ, తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి, నాచారం వైపు ఫ్యాక్టరీలు, పేర్ల బదులు నంబర్లున్న వీధులు. ‘హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8’ అంటే చాలు, ఆటో అతనికి ఇంకో ముక్క చెప్పక్కర్లేదు. వీటన్నిటినీ ఆనుకుని వెయ్యి ఎకరాలకు పైబడిన ఉస్మానియా యూనివర్సిటీ.

ఊరన్నాక రైల్వే స్టేషన్ ఉండాలి కదా! సికింద్రాబాద్ నుంచి కాచిగూడ వైపు ఎంఎంటీఎస్ ఎక్కండి. సీతాఫల్‌మండి దాటగానే ‘ఆర్ట్స్ కాలేజీ’ వస్తుంది. దాని తర్వాత ‘జామై ఉస్మానియా’. ఒకే యూనివర్సిటీకి రెండు స్టేషన్లు, అందులో ఒకటి ఏకంగా ఒక కాలేజీ పేరు మీద! 2017 నవంబరులో తార్నాక చౌరస్తాకు మెట్రో కూడా వచ్చింది.

సరే, ఆ కాలేజీ సంగతి. 1918లో పుట్టిన ఉస్మానియాకు చాలా ఏళ్లు సొంత గూడు లేదు. గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లలోనే చదువులు సాగాయి. స్థలం విషయంలో సలహా ఇవ్వడానికి వచ్చింది ఎవరనుకున్నారు? నగర ప్రణాళికల్లో ప్రపంచమంతా పేరు మోసిన స్కాట్లండ్ వాడు పాట్రిక్ గెడ్డెస్. చివరికి అడిక్‌మెట్ ఖాయమైంది. ఆ అడిక్‌మెట్ అంతకు ముందెప్పుడో మహలఖాబాయి చందా జాగీరు. నిజాం దర్బారులో నర్తకి, ఉర్దూలో దీవాన్ (కవితా సంపుటి) ఉన్న తొలి కవయిత్రుల్లో ఒకరు, 1824లో పోయారు. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ఇప్పటికీ పక్కనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఆవరణలో ఉంది. యూనివర్సిటీ అనగానే ఏడో నిజాం పేరు అందరికీ గుర్తొస్తుంది. ఆ నేల మీద అంతకు ముందు పెత్తనం చేసిన ఆడమనిషి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఎలాంటి భవనం కట్టాలో చూసి రమ్మని జైన్‌యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని నిజాం సర్కారు దేశదేశాల యూనివర్సిటీలు తిరగడానికి పంపింది. వాళ్లు చివరికి పట్టుకున్న ఆర్కిటెక్టు బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్. అప్పటికే కైరోలో హీలియోపొలిస్ ప్యాలెస్ హోటల్‌తో పేరు తెచ్చుకున్నాడు. ఆ హోటల్ ఇప్పుడు ఈజిప్టు అధ్యక్షుడి భవనం. అంటే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని గ్రూప్-2 గైడు తిరగేస్తున్న కుర్రాడికీ, ఈజిప్టు అధ్యక్షుడికీ నెత్తిన నీడ పట్టింది ఒకే చెయ్యి. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. దగ్గరికి వెళ్లి స్తంభాలు చూస్తే గుడి స్తంభాల పోలిక, తలెత్తి కమానులు చూస్తే మసీదు పోలిక. గ్రానైటు మీద ఎండ పడే వేళకి దాని గులాబీ రంగు బాగా తేలుతుంది. పెళ్లి ఫొటోలవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ఇక ఆ రాళ్లు కొట్టిందెవరు? క్యాంపస్‌ను ఆనుకున్న మాణికేశ్వరి నగర్‌ను ఇప్పటికీ వడ్డెర బస్తీ అంటారు. తమ పెద్దల చేతి చలవే ఆ భవనమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. శిలాఫలకాల మీద ఆ పేర్లు వెతకబోకండి.

ఇంకో సంగతి. పుట్టినప్పుడు ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పిన తొలి యూనివర్సిటీల్లో అదొకటి. పాఠ్యపుస్తకాలు తర్జుమా చేయడానికే ఒక శాఖ పెట్టారు. ఆ ఉర్దూ యూనివర్సిటీలో తెలుగు చెప్పింది మాత్రం భావకవిత్వానికి ఆద్యుల్లో ఒకరైన రాయప్రోలు సుబ్బారావు. తర్వాత కాలంలో సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివి, ఎంఏ తెలుగులో చేరి, ఇక్కడే డాక్టరేటు తీసుకుని, ఇక్కడే పాఠాలు చెప్పి, 1988కి జ్ఞానపీఠం అందుకున్నారు. మాధ్యమం మారితే పిల్లల తెలుగు పోతుందని బెంగపడే తల్లిదండ్రులకు సినారెను చూపించవచ్చు. అందరూ సినారెలు కారనుకోండి, అది వేరే మాట.

1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని బయటికి పంపేశారు. వాళ్లను చేర్చుకున్నది నాగపూర్ యూనివర్సిటీ. ఆ ఉద్యమంలో ఉన్న పి.వి. నరసింహారావు చదువు కూడా నాగపూరులోనే సాగింది. ఆ తర్వాత 1969, 2009 తెలంగాణ ఉద్యమాల సంగతులు మీకు తెలిసినవే. 1953లో అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది కూడా ఈ యూనివర్సిటీయే.

క్యాంపస్ దాటి ఉప్పల్ రోడ్డెక్కితే ఈ ఊరికి ఇంకో ముఖం కనిపిస్తుంది. చిన్న ఊళ్లో అందరికీ అందరూ తెలుస్తారంటారు. ఇక్కడ మాత్రం ఆకుకూరల బండి దగ్గర మీ పక్కన నిలబడి కొత్తిమీర కట్ట బేరం ఆడుతున్న పెద్దాయన ఏం చేసి రిటైరయ్యాడో మీకు తెలియదు. ఈ రోడ్డు మీది ఏదో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త అయి ఉండొచ్చు. రసాయన పరిశోధనలు చేసే ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం ఎయిడ్స్ మందు ఏజడ్‌టీ తయారీకి సొంత దారి కనిపెడితే, ఆ దారిలోనే సిప్లా 1990ల మొదట్లో ఆ మందు చేసి విదేశీ ధరకంటే ఎంతో చవగ్గా అమ్మింది. పొరుగునే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా 1977లో మొదలైంది ఆ ప్రాంగణంలోనే. అక్కడ లాల్జీ సింగ్ చేసిన పని వింటే కథలా ఉంటుంది. కట్లపాముల్లో ఆడపాము లింగ క్రోమోజోము నుంచి తీసిన డీఎన్ఏ ముక్కతో 1980ల చివర మనుషుల డీఎన్ఏ వేలిముద్రలు పట్టే పద్ధతి సిద్ధం చేశారు. కోర్టుల్లో బిడ్డకు తండ్రెవరో తేల్చే సాక్ష్యం హబ్సిగూడ నుంచి వెళ్లడం అలా మొదలైంది.

నన్నడిగితే వీటన్నిటిలో మన కంచానికి బాగా దగ్గరైనది జాతీయ పోషకాహార సంస్థ. దీనికీ ఉస్మానియాకూ పుట్టిన సంవత్సరం ఒకటే, 1918. కాకపోతే పుట్టింది నీలగిరుల్లో, కూనూరులో. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే దొర ఒక్క గదిలో బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధన అది. బియ్యాన్ని మరీ తెల్లగా పాలిష్ పట్టి తవుడంతా పారబోసి తింటే బి1 విటమిన్ కరువై వచ్చే జబ్బు బెరిబెరి. అన్నమే జీవితంగా బతికే మనకు ఆ సంస్థ 1958లో ఇక్కడికి కాపురానికి రావడం ఎంత సరిపోయిందో చూడండి. నల్గొండ ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల మోకాళ్లు వంకర తిరగడం గురించి 1970లలో లోకానికి చెప్పింది వీళ్లే. కందిపప్పులో వంద గ్రాములకు 22 గ్రాముల మాంసకృత్తులని మనం ఎక్కడైనా చదివితే, ఆ లెక్క మూలం చాలాసార్లు వీళ్ల పట్టికే. 2017లో దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి నమూనాలు తెప్పించి 528 రకాల తిండి పదార్థాలకు కొత్త లెక్కలు కట్టారు.

ఆ ఆవరణలో ఆహారం మీద ఒక మ్యూజియం కూడా ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతుంటారు. తార్నాక వాళ్లనడగండి, చూశారా అని. ‘ఎక్కడికి పోతుందిలే, పక్కనేగా’ అంటారు.