వార్తల్లో పదం: జీఐ ట్యాగ్

ఒక వస్తువు నాణ్యతకూ పేరుకూ అది పుట్టిన చోటే కారణమని చట్టం గుర్తించడమే భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. శ్రీసత్యసాయి జిల్లాలో తయారయ్యే ధర్మవరం పట్టుచీరలకు, నిమ్మలకుంట తోలుబొమ్మలకు ఈ గుర్తింపు ఉంది. చిన్న వ్యాపారికి ఇంత చవకైన ప్రచారం అరుదు. ఆ ట్యాగ్ వాడుకునే అధీకృత వినియోగదారుగా నమోదయ్యే రుసుమును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. వాన ముఖం చాటేసే సీమలో చేతిపని నిలవాలంటే ఈ పేరును వాడుకోవాలి.

ట్యాగ్ ఉంటే చాలు, గిరాకీ వస్తుందా అని అడగవచ్చు. దానంతటది రాదు. ఉదాహరణకు, తోలుబొమ్మల తీరులో పల్చటి తోలుపై రంగులద్దిన దీపపు తొడుగును వెలిగించి, చేసిన ఊరి పేరు చెప్పి, జీఐ ముద్ర చూపినప్పుడే కొనేవారికి నమ్మకం కుదురుతుంది. నకిలీలపై ఈ చట్టం కింద దావా వేసే హక్కూ నమోదైనవారికి దక్కుతుంది. పది రూపాయలకు అంతకన్నా ఏం కావాలి?