గిరణ్‌గావ్: ఓ కవి చదివిన బడి

ముంబయి లోయర్ పరేల్ స్టేషన్లో ఉదయం పూట దిగితే నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. మెడలో కార్డులు, వీపున లాప్‌టాప్ సంచులు. వాళ్లు చేరుకునే ఆఫీసుల చిరునామాల్లో మాత్రం ఇంకా మిల్లులే: కమలా మిల్స్, మథురాదాస్ మిల్స్. ఫీనిక్స్ మిల్లైతే ఏకంగా మాల్ అయి కూర్చుంది.

పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ, వర్లీ చుట్టుపట్లంతటినీ గిరణ్‌గావ్ అనేవారు, మిల్లుల ఊరని. 1850ల్లో కావస్‌జీ దావర్ తార్‌దేవ్‌లో బట్టల మిల్లు పెట్టాక ఒకదాని వెంట ఒకటి లేచి, నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల్లో పరుచుకున్నాయి. రత్నగిరి, సతారా జిల్లాల నుంచి మరాఠీలు వచ్చారు. తెలంగాణ నుంచి మన పద్మశాలీలు వచ్చారు. ఇళ్లు కట్టే పనికి వాళ్లకంటే ముందే చేరిన తెలుగు కామాఠీల పేరు పక్కనే కామాఠీపురాకు అంటుకుంది. చాల్ అనే వరసగదుల ఇళ్లలో ఒక్కో గదిలో పదిమంది పైగా. పగటి షిఫ్టు మనిషి లేచిన చాప మీద రాత్రి షిఫ్టు మనిషి వాలేవాడు. తిండి ఖాణావళులనే పూటకూళ్లిళ్లలో. వండిపెట్టేదీ కార్మికుల ఇల్లాళ్లే.

అందరూ ఒక్కటిగా బతికారని ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, అది సగమే నిజం. మగ్గం మీద కండె మార్చినప్పుడల్లా నూలు పోగును నాడె రంధ్రంలోంచి నోటితో పీల్చి లాగాలి. దళితుల ఎంగిలి తగిలిన నాడె ముట్టుకోం అంటూ తోటి కార్మికులే వాళ్లను నేతఖాతా, అంటే నేత విభాగం, గడప తొక్కనివ్వలేదు. కూలి బాగా గిట్టేది ఆ ఖాతాలోనే. 1928 సమ్మె రోజుల్లో అంబేడ్కర్ ఈ సంగతి గట్టిగా లేవనెత్తారు. మన నేతగాళ్లు పనిచేసిందీ ఆ ఖాతాలోనే. మన వలస కథల్లో ఈ ముక్క ఎందుకో వినపడదు.

మరాఠీ కవి నారాయణ్ సుర్వే ఈ వాడ బిడ్డ. 1926 ప్రాంతంలో వీధిలో వదిలేసిన పసిగుడ్డు. గంగారాం సుర్వే అనే మిల్లు కార్మికుడు ఎత్తుకెళ్లి పెంచి, తన ఇంటిపేరు ఇచ్చాడు. ఆయన పని మానేసి కొంకణంలోని సొంతూరికి వెళ్లిపోయేసరికి పిల్లవాడు మళ్లీ ఫుట్‌పాత్ పాలయ్యాడు. ఇళ్లలో పాచిపని, హోటల్లో కప్పులు, మిల్లులో కూలి. ఆ తర్వాత మునిసిపల్ బడిలో ప్యూను, చివరికి మాస్టారు.

తొలి సంపుటి 1962లో వచ్చింది. 1966 నాటి ‘మాఝే విద్యాపీఠ్’ ఆయన్ను నిలబెట్టింది. ‘నా విశ్వవిద్యాలయం’ అని ఆయన చెప్పుకున్నది ఈ వీధుల్నే. సుర్వేను ఎర్రజెండా కవి అని ఒక్క మాటతో పక్కన పెట్టేసేవాళ్లున్నారు. జెండా ఆయన చేతిలో ఉన్న మాట నిజమే. కానీ తన తొలి సమ్మెలో మార్క్స్ ఎదురుపడ్డాడని రాసిన కవితలో ఆ మహానుభావుణ్ణి వాడలో పేరున్న ఓ బాబాను చూపించినట్టు చూపిస్తాడు. నినాదాలు రాసేవాడికి అంత చనువు రాదు.

నాకు అంతకంటే పెద్ద కవిత అనిపించేది మరొకటి. ఒళ్లమ్ముకుని బతికే ఆడమనిషి కొడుకును బడిలో చేర్చడానికి వస్తుంది. తండ్రి పేరేమిటని మాస్టారు అడుగుతాడు. మీ పేరే రాసుకోండి అంటుంది. రిజిస్టరు ముందున్నది సుర్వే మాస్టారే అనుకుని చదివితే, ఇచ్చిన ఇంటిపేరుతో బతికిన మనిషిని ఆమె ఏం అడిగిందో తెలుస్తుంది. కవి జాలి పడడు, ఉపదేశించడు. ఆమె మాటతీరు మీద చెయ్యి వేయకుండా రాసుకుపోతాడు.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట సుమారు రెండున్నర లక్షల మంది మగ్గాలు ఆపారు. ఆ సమ్మెను ఎవరూ విరమించలేదు, చాలా మిల్లులు మళ్లీ మునుపటిలా నడవలేదు. పని పొరుగున ఉన్న భివండీ మరమగ్గాలకు తరలింది. అక్కడా తెలుగువాళ్లే ఎందరో. నగర అభివృద్ధి నియమాల్లోని 1991 నిబంధన మిల్లు భూమిని మూడు వాటాలు చేసింది: ఊరికి ఖాళీ జాగా, పేదలకు ఇళ్లు, యజమానికి మిగిలింది. వినడానికి ధర్మంగానే ఉంది. 2001లో ఆ లెక్క కట్టడాలు లేని స్థలానికే అని సవరించారు. దాంతో మొదటి రెండు వాటాలు చిక్కిపోయాయి. 2006లో సుప్రీంకోర్టూ సరేనంది.

సుర్వే 2010లో పోయారు. అరుణ్ ఖోప్కర్ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి జాతీయ అవార్డు వచ్చింది. ఇక మిల్లు స్థలాల్లో ఇళ్లకోసం లక్షమందికి పైగా కార్మికులు, వారసులు దరఖాస్తు పెట్టారు, లాటరీలో పేరు రావాలి. దానికి 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లు హాజరుపట్టీలో పేరున్నట్టు రుజువు చూపాలి. పోయినవాళ్ల పిల్లలైతే, తామెవరి పిల్లలో దానికీ కాగితం జతచేయాలి.