కథలూ చరిత్రలూ జంటగా: ఉత్తర తెలంగాణను చదువుకోవడానికి కొన్ని పుస్తకాలు

నవలలు చదివేవాళ్లు చరిత్ర పుస్తకాల దిక్కు పోరు. చరిత్రలు, జీవితకథలు చదివేవాళ్లకు నవలంటే కాలక్షేపం. గ్రంథాలయాల్లో కూడా ఈ రెండింటి బీరువాలు వేర్వేరు గోడలకే ఉంటాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంగతి తెలుసుకోవాలనుకునే పాఠకుడికి మాత్రం ఈ అలవాటు నష్టమే. ఈ నేల మీద వచ్చిన మంచి నవలల్లో చాలావాటికి జరిగిన సంగతులే ఆధారం. జ్ఞాపకాలుగా, పరిశోధనలుగా వచ్చినవాటిలో కొన్ని కథకన్నా బాగా చదివిస్తాయి. అందుకే ఇక్కడ కల్పననూ వాస్తవాన్నీ జంటగా పట్టుకుని చదవడం మేలు.

ఈ జంట చదువుకు పాత ఉదాహరణ కరీంనగర్ జిల్లా చొప్పదండికి దగ్గర్లోనే ఉంది. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉన్న ఆ శాసనంలో మూడు తెలుగు కందపద్యాలు కనిపిస్తాయి. నన్నయ భారతానికి అవి దాదాపు వందేళ్లు ముందువి. జినవల్లభుడి అన్న పంపకవి వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉండి, 941లో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ ముగించాడు. అందులో అర్జునుడికి తన రాజు పోలికలే పెట్టాడు. అంటే అన్న రాసింది కల్పన, తమ్ముడు చెక్కించింది దస్తావేజు. పంపడి కుటుంబం సంగతులు కావ్యంలో కొంత దొరుకుతాయి, మిగతావి గుట్టమీది రాయే చెప్పాలి. ఆ కావ్యాన్ని కన్నడంలో చదవడం అందరివల్లా కాదు. గుట్ట ఎక్కడం మాత్రం చొప్పదండి వాళ్లకు ఒక పూట పని.

ఇప్పటి పుస్తకాల్లో మొదట చేతికి తీసుకోదగ్గది ‘కొమురం భీం’ నవల. సాహు, అల్లం రాజయ్య కలిసి రాశారు, 1983లో వచ్చింది. జోడేఘాట్‌లో 1940లో నిజాం సర్కారు బలగాల చేతిలో భీం చనిపోయాడు. సర్కారు కాగితాల్లో అతని గురించి ఉన్నది కొంతే, అదీ నేరస్తుడిగా చూసిన రాత. గోండు పెద్దల నోట బతికిన ముచ్చట్లను ఆధారం చేసుకుని రచయితలిద్దరూ ఆ ఖాళీని నింపారు. పోడు కొట్టుకున్న చేను, జంగలాత్ వాళ్ల జుల్మానాలు, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, చివరికి తిరగబడడం, ఇవన్నీ మనుషుల కథగా కనిపిస్తాయి. అక్కడక్కడా పాత్రల మాట ఉపన్యాసంలా సాగుతుంది. అయినా ఆదివాసీ పోరాటం మీద తెలుగులో ఇంత చదివించే నవలలు తక్కువే.

దీని పక్కన పెట్టవలసింది హైమండార్ఫ్ పుస్తకం. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1939లో పరిశోధనకు హిందుస్థాన్ వచ్చాడు. అంతలో యుద్ధం మొదలైంది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నవాడు కాబట్టి బ్రిటిష్ వాళ్లు అతన్ని హైదరాబాద్ సంస్థానం దాటనివ్వలేదు. ఆ నిర్బంధమే ఈ నేలకు కలిసొచ్చింది. జోడేఘాట్ తర్వాత గోండుల అలజడికి కారణాలు తెలుసుకోదలచిన నిజాం సర్కారుకు అతని పని అక్కరకొచ్చింది. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో కాపురం పెట్టి గోండుల ఇళ్లు, పండుగలు, దేవతలు, భూమి తగాదాలు ఊరూరా తిరిగి రాసుకున్నాడు. ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడింది. ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది.

ఆ పుస్తకం పండితులకోసం రాసింది, మామూలు పాఠకుడికి బరువు. దానికన్నా 1982 నాటి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ తేలిక. ‘మనుగడ కోసం పోరాటం’ పేరుతో తెలుగులోకి కూడా వచ్చింది. 1940లలో తాను చూసిన ఊళ్లకే ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పోయి, అప్పట్లో గోండులకు ఇప్పించిన భూములు ఎవరి చేతుల్లోకి జారాయో ఇందులో లెక్కతీశాడు. నవలలో భీం ఎందుకు తుపాకి పట్టాడన్నది అర్థమవుతుంది. అతను చనిపోయాక ఏమైందన్నది ఈ పుస్తకం చెబుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. హైమండార్ఫ్ సర్కారుకు సలహాదారుగా కూడా పనిచేసినవాడు. మంచి అధికారి ఉంటే అన్నీ చక్కబడతాయన్న నమ్మకం ఆ రాతలో తరచూ తొంగిచూస్తుంది. నవల రాసినవాళ్లకు ఆ నమ్మకం బొత్తిగా లేదు. రెండూ చదివినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

పెద్ద పుస్తకాలంటే జంకేవాళ్లు పి.వి. నరసింహారావు కథ ‘గొల్ల రామవ్వ’తో మొదలుపెట్టవచ్చు. ‘విజయ’ అన్న మారుపేరుతో 1949లో ‘కాకతీయ పత్రిక’లో వచ్చిన కథ ఇది. నిజాం పోలీసులు వెంటాడుతున్న యువకుడిని రాత్రిపూట తన గుడిసెలో దాచిన ముసలి అవ్వ ముచ్చట. ఆ సంఘటనలు జరిగిన వేడిలోనే, సొంత ఊరి యాసలో, ఏ ఆర్భాటమూ లేకుండా రాసిన కథ. ప్రధానమంత్రిగా తప్ప పీవీని ఎరగనివాళ్లకు ఇది చదివితే ఆశ్చర్యం తప్పదు.

ఈ చిన్న కథ వెనకున్న కాలం గురించి వాస్తవ రచనలు కావాలంటే రెండు పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి చదవాలి. ఒకటి పుచ్చలపల్లి సుందరయ్య ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం, గుణపాఠాలు’, రెండోది రావి నారాయణరెడ్డి ‘వీర తెలంగాణ, నా అనుభవాలు, జ్ఞాపకాలు’. ఇద్దరూ ఒకే పార్టీ నాయకులు, ఒకే సాయుధ పోరాటంలో ఉన్నవాళ్లు. అయినా 1948 పోలీసు చర్య తర్వాత కూడా పోరాటం సాగించడం సరైనదా కాదా అన్నచోట ఇద్దరికీ కుదరదు. పక్కపక్కనే పెడితే తప్ప ఆ పేచీ లోతు అంతుబట్టదు. సుందరయ్య పుస్తకం చాలా పెద్దది, అంతా ఒకేసారి చదవనక్కరలేదు. పాఠకుడు తన జిల్లా అధ్యాయాలు వెతుక్కున్నా సరిపోతుంది.

పీవీ రాసిన ‘ది ఇన్‌సైడర్’ 1998లో వచ్చింది. కల్లూరి భాస్కరం అనువాదంలో అది ‘లోపలి మనిషి’. అఫ్రోజాబాద్ అన్న కల్పిత రాష్ట్రం, ఆనంద్ అన్న కల్పిత నాయకుడు. ఎవరెవరికి ఏ పేరు పెట్టాడో పోల్చుకోవడంలోనే సగం పాఠకుల సరదా తీరిపోయింది. నవలగా చూస్తే నడక నెమ్మది, సంభాషణలు పొడుగు. భూసంస్కరణలు తలకెత్తుకున్న ముఖ్యమంత్రిని సొంత పార్టీవాళ్లే ఎలా దించేస్తారన్న భాగాలు మాత్రం రాజకీయం ఎలా నడుస్తుందో తెలుసుకోగోరేవాళ్లు వదలకూడనివి. ముఖ్యమంత్రిగా 1971 నుంచి 1973 దాకా పీవీకి ఎదురైంది కూడా అదే. దీని పక్కన వినయ్ సీతాపతి 2016లో రాసిన పీవీ జీవితచరిత్ర ‘హాఫ్ లయన్’ ఉంచుకోవాలి. పీవీ సొంత కాగితాలు చూసి రాసిన పుస్తకం అది. నవలలో మౌనంగా దాటేసిన చోట్లు కొన్ని అక్కడ బయటపడతాయి.

పీవీ పేరు చెప్పాక ‘వేయిపడగలు’ కూడా చెప్పాలి. విశ్వనాథ సత్యనారాయణ 1934లో రాసిన ఈ నవలను ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చింది పీవీయే. విశ్వనాథ కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు 1959 నుంచి 1961 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు కాబట్టి ఈ ఊరికీ ఆయనతో చుట్టరికం ఉంది. అయినా చదువు అలవాటు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఈ నవల ఇవ్వడం వాళ్లను తరిమేయడమే. ‘ఏకవీర’ చిన్నది, ముందు అది చదివించాలి.

అల్లం రాజయ్య విడిగా రాసినవి కూడా చదవాలి. మంథని దిక్కు గాజులపల్లెలో పుట్టిన రాజయ్య కథలకు నేపథ్యం 1978 నాటి రైతుకూలీ ఉద్యమం. ఆ సంవత్సరం సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ‘కొలిమంటుకున్నది’ ఆ వేడిలోంచి వచ్చిన నవల. దొర, వెట్టి, పంచాయితీ, సంఘం, అన్నీ ఉన్నాయి. రచయిత ఎవరి పక్షమో దాచిపెట్టలేదు కాబట్టి పాఠకుడు తన తూకం తాను వేసుకోవచ్చు. నవలలకన్నా చిన్న కథల్లోనే రాజయ్య కలం పదును. పాత్రలు అక్కడ సొంత మాట తాము మాట్లాడతాయి. బీడీ కార్మికుల జీవితం కోసం బి.ఎస్. రాములు ‘బతుకు పోరు’, సింగరేణి ప్రాంతం నుంచి తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు, వాటిలో ముఖ్యంగా ‘పనిపిల్ల’, ఈ వరుసలో చేరతాయి.

ఉద్యమాల పుస్తకాలే వరుసగా చదివితే ఈ నేలంతా నెత్తురూ కన్నీళ్లే అనిపిస్తుంది. అది నిజం కాదు. దానికి విరుగుడు సామల సదాశివ. ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి, అక్కడే పాఠాలు చెప్పి, 2012లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్న ఈ పెద్దమనిషి రాసిన ‘యాది’ తెలంగాణ వచనంలో మేలైన పుస్తకాల్లో ఒకటి. ఉర్దూ కవులు, హిందుస్తానీ గాయకులు, పాతకాలపు పంతుళ్లు, ముషాయిరాలు ఒకదాంట్లోంచి ఒకటి ముచ్చట్లుగా వస్తాయి. ఎక్కడ తెరిచినా చదవొచ్చు. ‘స్వరలయలు’ హిందుస్తానీ సంగీతం గురించిన పుస్తకం, 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. రాగాల పేర్లు తెలియనివాళ్లు కూడా చదవగలిగేంత సులువుగా ఉంటుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ పక్కపక్కనే బతికిన ఆదిలాబాద్ ఏమిటో ఈ రెండు పుస్తకాల్లోనే బాగా తెలుస్తుంది.

సిరిసిల్ల దిక్కు పెద్దింటి అశోక్ కుమార్ నవల ‘జిగిరి’ చిన్నదే, మరిచిపోలేం. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమామ్, అతను సాకిన ఎలుగు, దాన్ని వదిలేస్తే భూమి దొరుకుతుందని ఆశపడే భార్యా కొడుకూ. కథ ఇంతే. అడవి జంతువులను పట్టి ఆడించడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరమని తెలిసి చదివితే నవలలోని చిక్కు ఇంకా బిగుస్తుంది. చట్టంవైపు న్యాయం ఉంది, ఇమామ్ వైపూ ఉంది.

చరిత్రకూ కల్పనకూ మధ్య గోడ లేదని అందరికన్నా ముందు పుస్తకంగా చూపించింది సురవరం ప్రతాపరెడ్డి. ఆయన పాలమూరు మనిషి. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలు పక్కకు నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ దేవుళ్లకు మొక్కారు అని అడిగింది. జవాబులు చాలావరకు కావ్యాలు, శతకాలు, ద్విపదల్లోంచే ఏరారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఈ పుస్తకానికే వచ్చింది. కవులు అలవాటుగా చేసే వర్ణనను కొన్నిచోట్ల నిజంగా తీసుకున్నారన్న విమర్శకు తావుంది. అయినా ఇంటింటా ఉండదగ్గ పుస్తకం.

కవిత్వంలో జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్‌ను మించి సులువుగా పట్టుబడే కవి లేడు. ఫొటో స్టూడియో నడిపిన మనిషి కావడంతో నాలుగు పంక్తుల్లో బొమ్మ కట్టేస్తాడు. 1993లో 39వ పుట్టినరోజునే చనిపోయాడు. ‘సిటీ లైఫ్’ నుంచి మొదలుపెట్టవచ్చు. సి. నారాయణరెడ్డి ‘విశ్వంభర’ చదవాలనుకునేవాళ్లు ఆయన పరిశోధన గ్రంథం ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ కూడా తిరగేస్తే, హనుమాజీపేట నుంచి జ్ఞానపీఠం దాకా నడిచిన కవి తన ముందరివాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నాడో కనిపిస్తుంది. పిల్లలకు వాసాల నర్సయ్య, పత్తిపాక మోహన్ పుస్తకాలు ఇవ్వవచ్చు, ఇద్దరికీ కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారాలు వచ్చాయి. యాస తెలియని జిల్లాల పాఠకులకు నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ పక్కన ఉంటే రాజయ్య, అశోక్ కుమార్ ఇద్దరూ తేలికవుతారు.

వీటిలో కొన్ని మళ్లీమళ్లీ అచ్చవుతున్నాయి, కొన్నింటికి వెతుకులాట తప్పదు. సురవరం కాలం నాటి పాత పుస్తకాలు చాలా డిజిటల్ రూపంలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. కొత్తవి హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒకేచోట దొరుకుతాయి. కొనలేనివాళ్లకు గ్రంథాలయమే దారి. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. చొప్పదండిలో ఇంటిపన్ను కట్టేవాళ్లంతా దాన్ని కడుతున్నవాళ్లే. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. కాబట్టి తమ శాఖలో లేని పుస్తకం తెప్పించమని పేరు, రచయిత, ప్రచురణకర్త వివరాలతో గ్రంథపాలకుడికి రాతపూర్వకంగా ఇవ్వడం పాఠకుల హక్కే. అడిగేటప్పుడు నవల ఒక్కటే కాకుండా దాని జంట పుస్తకం పేరు కూడా ఆ కాగితంలోనే రాస్తే రెండూ ఒకే కొనుగోలులో వచ్చే వీలుంటుంది.