వార్తల్లో పదం: గ్లైకేషన్

రక్తంలోని గ్లూకోజ్ ఎంజైముల ప్రమేయం లేకుండానే ప్రొటీన్లకు అతుక్కోవడాన్ని గ్లైకేషన్ అంటారు. అందరిలోనూ జరిగేదే అయినా, మధుమేహుల్లో ఇది ఎక్కువ. అతుక్కున్న చక్కెర క్రమంగా మార్పులు చెంది ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. దాంతో కంటి కటకం, మూత్రపిండాలు, నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. గత రెండు మూడు నెలల చక్కెర తీరును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది ఇలా చక్కెర పట్టిన హిమోగ్లోబిన్‌నే.

మొక్కల సారాలు ఈ నష్టాన్ని ఆపగలవా? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పసుపును, అందులోని కర్‌క్యుమిన్‌ను మధుమేహం కలిగించిన ఎలుకలకు పెట్టి చూశారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం కంటిశుక్లం ముదరడం ఆలస్యమైంది. విశేషమేమిటంటే, రక్తంలో చక్కెర మాత్రం తగ్గలేదు. అందువల్ల ఇలాంటి సారాలను చక్కెర తగ్గించే మందులకు బదులుగా వాడుకోవడం కుదరదు.